మెదడు స్కాను ఎంతవరకు చెబుతుంది?

పుర్రె తెరవకుండా మెదడును చూసే పద్ధతుల్లో సీటీ స్కాన్, ఎమ్మారై, పెట్ స్కాన్ ముఖ్యమైనవి. పక్షవాతం, మూర్ఛ, మతిమరుపు లాంటి నాడీ వ్యాధులైనా, స్కిజోఫ్రీనియా, కుంగుబాటు లాంటి మానసిక వ్యాధులైనా వచ్చేది ఒకే అవయవానికి. కానీ ఈ యంత్రాలు వాటన్నిటి గురించీ ఒకే నిశ్చయంతో చెప్పలేవు. పక్షవాతం ఏ రకమో నిమిషాల్లో తేల్చేస్తాయి. మూర్ఛకు చాలాసార్లు కారణం చూపిస్తాయి. మతిమరుపులో వైద్యుడి అనుమానానికి బలమిస్తాయి. మానసిక వ్యాధుల్లో మాత్రం ఎదుట కూర్చున్న ఒక మనిషికి ఫలానా జబ్బు ఉందని ఇప్పటికీ చెప్పలేవు. ఈ తేడా తెలియక కుటుంబాలు రెండు విధాలా నష్టపోతున్నాయి. అత్యవసరమైన స్కాను ఆలస్యమవుతుంది, అక్కర్లేని స్కానుకు అప్పు చేయాల్సి వస్తుంది.

ఈ తేడాలన్నీ ఒకచోట కనిపించే ఊరు జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ చుట్టూ, సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల ఒడ్డున పెరిగిన ఊరిది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వాళ్లదే. ఊళ్లో కొలిమి పొగ, చుట్టూ సింగ్‌భూమ్ అడవుల్లో మలేరియా, ఇంటా బయటా నాలుగైదు భాషలు: ఈ మూడింటికీ మెదడుతో సంబంధం ఉంది. ఒంటి జబ్బుకు ఊళ్లోనే 1908 నుంచి టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది. మనసు జబ్బుకు మాత్రం దాదాపు 130 కిలోమీటర్ల దూరంలోని రాంచీకి, అక్కడి కాంకే ఆస్పత్రులకు వెళ్లడం పాత అలవాటు. తెలుగునాట మానసిక వైద్యశాలకు మారుపేరుగా ఎర్రగడ్డ పేరు ఎలా వినిపిస్తుందో అక్కడ కాంకే పేరు అలా వినిపిస్తుంది.

గాలి నింపి తీసిన ఎక్స్‌రే

1895లో ఎక్స్‌రేలు కనుక్కున్నా వాటిలో పుర్రె ఎముక కనిపించేదే తప్ప మెదడు కనిపించేది కాదు. మెదడు లోపల ద్రవంతో నిండిన గదులు కొన్ని ఉంటాయి. 1918లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ ఆ ద్రవం తీసి గాలి నింపి ఎక్స్‌రే తీశాడు. గాలి ఉన్నచోటు నల్లగా పడడంతో గదుల ఆకారం తెలిసింది. మరుసటి ఏడాది వెన్నులోంచి గాలి ఎక్కించే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు భరించలేని తలనొప్పితో, వాంతులతో రోజుల తరబడి అవస్థపడేవాళ్లు. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ రక్తనాళాల్లోకి రంగుమందు ఎక్కించి వాటి చిత్రం తీయగలిగాడు. సీటీ స్కాన్ వచ్చేదాకా యాభై ఏళ్లపాటు వైద్యులకు ఉన్న ప్రధాన ఆధారాలు ఇవే.

డాండీ గాలి ప్రయోగం చేసిన 1918లోనే, మే 17న, కాంకేలో యూరోపియన్ల కోసం మానసిక వైద్యశాల తెరిచారు. అదే నేటి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ. భారతీయ రోగుల కోసం పట్నాలో నడిచిన ఆస్పత్రిని 1925లో కాంకేకే మార్చారు. అది ఇప్పుడు రిన్‌పాస్ పేరుతో నడుస్తోంది. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1948 నాటికే ఎక్స్‌రే, ఈఈజీ విభాగాలు ఉన్నాయి. మెదడు విద్యుత్ తరంగాలను నెత్తిమీద అంటించిన ఎలక్ట్రోడ్లతో నమోదు చేసే ఈఈజీని అంత తొందరగా మొదలుపెట్టిన మానసిక వైద్యశాలలు అప్పట్లో దేశంలో అరుదు.

ఆ కాలపు మెదడు చిత్రాల విలువ, పరిమితి రెండూ కాజీ నజ్రుల్ ఇస్లాం జబ్బులో కనిపిస్తాయి. అసన్‌సోల్ దగ్గరి చురులియాలో 1899లో పుట్టిన ఈ బెంగాలీ కవి 1942లో జబ్బు పడ్డారు. మెల్లగా మాట పోయింది, తెలివి పోయింది. పదేళ్ల పాటు రకరకాల వైద్యాలు జరిగాక 1952లో ఆయనను రాంచీ మానసిక వైద్యశాలకు పంపారు. అక్కడ నెలల తరబడి ఉన్నా మార్పు రాలేదు. 1953లో అభిమానులు చందాలు పోగుచేసి లండన్‌కు తీసుకెళ్లారు. అక్కడ గాలి నింపి తీసిన ఎక్స్‌రేలో మెదడు ముందు భాగం కుంచించుకుపోయినట్టు తేలింది. శస్త్రచికిత్స చేయాలా వద్దా అన్న విషయంలో వైద్యులు ఏకాభిప్రాయానికి రాలేదు. అదే ఏడాది డిసెంబరులో వియన్నాలో డాక్టర్ హాన్స్ హాఫ్ రక్తనాళాల చిత్రం తీయించి, అది పిక్స్ వ్యాధి అని, నయం కాదని చెప్పారు. మెదడు ముందు భాగం, పక్క భాగం క్షీణించే ఈ వ్యాధి మొదట ప్రవర్తనలో, మాటలో బయటపడుతుంది. అందుకే చూసేవాళ్లకు పిచ్చిలా అనిపిస్తుంది. ఆ చిత్రాలు జబ్బును నయం చేయలేకపోయినా, దానికి పేరు పెట్టగలిగాయి. నజ్రుల్ మాట తిరిగి రాకుండానే 1976లో ఢాకాలో కన్నుమూశారు.

నేటి యంత్రాల తీరు

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం ఒక రోగి మెదడును మొదటిసారి పొరలు పొరలుగా చూపింది. తల చుట్టూ అనేక కోణాల నుంచి ఎక్స్‌రేలు పంపి, అవి ఎక్కడ ఎంత ఆగాయో కంప్యూటర్‌తో లెక్కకట్టి బొమ్మ తయారుచేయడం సీటీ స్కాన్ పద్ధతి. దానికి అవసరమైన గణితాన్ని విడిగా రూపొందించిన అలన్ కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ అందుకున్నారు.

ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు. ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో వరుసకడతాయి. రేడియో తరంగంతో కదిలిస్తే అవి తిరిగి కుదురుకుంటూ సంకేతాలు వదులుతాయి. ఆ సంకేతాల నుంచి చిత్రం కట్టే దారిని 1973లో పాల్ లాటర్‌బర్ చూపారు. దాన్ని మెరుగుపరచిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి ఆయనకు 2003లో నోబెల్ వచ్చింది. ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే 1.5 టెస్లా యంత్రం అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు ఉంటుంది.

ఆ బలం ఉక్కునగరంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం. గ్రైండింగ్, వెల్డింగ్, లేత్ పని చేసేవాళ్ల కంట్లో కంటికి కనిపించనంత చిన్న ఇనుప రజను ఏళ్ల క్రితమే దిగి ఉండవచ్చు. ఎమ్మారై గదిలోకి వెళ్లగానే ఆ రజను కదిలి కంటి లోపల గాయం చేయగలదు. 1980లలో ఒక లోహపు పనివాడికి ఇలాగే చూపు పోయిన ఘటన వైద్య పత్రికల్లోకి ఎక్కింది. అప్పటినుంచి ‘కంట్లో ఎప్పుడైనా ఇనుము పడిందా?’ అని అడగడం, అనుమానం ఉంటే ముందుగా కంటి ఎక్స్‌రే తీయడం నియమమైంది. పాతికేళ్ల కిందటి సంగతైనా ఆ ప్రశ్నకు నిజం చెప్పాలి.

మెదడు రూపంతో పాటు దాని పనిని చూపే పద్ధతులు రెండున్నాయి. ఏ భాగం పనిచేస్తే ఆ భాగానికి రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ, లేని రక్తానికీ అయస్కాంత గుణంలో చిన్న తేడా ఉందని, ఆ తేడాను ఎమ్మారైతో పట్టవచ్చని 1990లో జపాన్ శాస్త్రవేత్త సెయిజీ ఒగావా చూపారు. దాన్ని ఫంక్షనల్ ఎమ్మారై అంటారు. అది కొలిచేది ఆలోచనను కాదు, ఆలోచన వెనక కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చే రక్తాన్ని. 1995లో భరత్ బిస్వాల్, ఆయన సహచరులు మరో సంగతి గమనించారు. మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నా చేతుల్ని నడిపే కుడి, ఎడమ భాగాల్లో రక్తప్రవాహం ఒకే లయలో హెచ్చుతగ్గులవుతోంది. ఈ పరీక్షలో రోగి కదలకుండా పడుకుంటే చాలు కాబట్టి, చెప్పిన పని చేయలేని స్థితిలో ఉన్న రోగులపై పరిశోధనకు దారి తెరుచుకుంది.

రెండోది పెట్ స్కాన్. కొద్దిపాటి రేడియోధార్మికత గల చక్కెర లాంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, మెదడులో ఏ భాగం ఎంత వాడుకుంటోందో చూస్తారు. ఎక్కువగా వాడే ఫ్లోరిన్-18 ధార్మికత 110 నిమిషాలకు సగమైపోతుంది. అందుకే సైక్లోట్రాన్‌కు దగ్గరగా ఉన్న పెద్ద నగరాలకే ఈ పరీక్ష ఎక్కువగా పరిమితమైంది.

నిమిషాల్లో తేలే పక్షవాతం

స్కాను విలువ అన్నిటికన్నా స్పష్టంగా తెలిసేది పక్షవాతంలో. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషికి రక్తనాళం మూసుకుపోయిందో చిట్లిందో పైకి చూసి చెప్పలేరు. మొదటిదైతే గడ్డను కరిగించే మందు ఇవ్వాలి, రెండోదైతే అదే మందు ప్రాణం తీస్తుంది. సీటీ స్కాన్‌లో కొత్త రక్తస్రావం తెల్లగా కనిపిస్తుంది. నాళం మూసుకుపోయినప్పుడు మాత్రం మొదటి గంటల్లో స్కాను దాదాపు మామూలుగానే ఉండవచ్చు. వైద్యుడు ముందు చూసేది తెలుపు లేదన్న సంగతినే.

గడ్డను కరిగించే మందుకు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక పరిశోధన లెక్కకట్టింది. పక్షవాతం రాగానే నాటుమందులకు, పసర్లకు తిప్పడంలో పోయే గంటలు ఈ లెక్కలోంచే పోతాయి. 2018 నాటికి మరో మేలు జరిగింది. చనిపోయిన భాగం ఎంత, రక్తం అందక సొమ్మసిల్లినా ఇంకా బతికి ఉన్న భాగం ఎంత అన్నది స్కాను చూపగలదు. బతికున్న భాగం పెద్దదిగా ఉన్న రోగులను ఎంచుకుని, తొడ దగ్గరి రక్తనాళం గుండా తీగ పంపి గడ్డను బయటికి లాగితే, 24 గంటల వరకు కూడా ప్రయోజనం ఉంటుందని పరీక్షల్లో రుజువైంది.

మూర్ఛ వెనక బద్దెపురుగు

సీటీ స్కాన్లు భారతదేశానికి వచ్చిన కొత్తలో మూర్ఛ రోగుల మెదడులో ఒక చిన్న మచ్చ తరచుగా కనిపించేది. రంగుమందు ఎక్కిస్తే ఉంగరంలా మెరిసే ఆ మచ్చ రెండు సెంటీమీటర్లలోపే ఉండేది. క్షయ ఎక్కువ ఉన్న దేశం కావడంతో అది క్షయ గడ్డ అని అనుకుని నెలల తరబడి క్షయ మందులు ఇచ్చేవాళ్లు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మ్యాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ తదితరులు 1990 ప్రాంతంలో ఆ మచ్చల్లోంచి ముక్కలు తీసి పరీక్షించారు. చాలావాటిలో కనిపించింది క్షయ కాదు, పంది బద్దెపురుగు లార్వా. ఎన్నో మచ్చలు మళ్లీ స్కాను తీసేసరికి వాటంతట అవే చిన్నవైపోయాయి, మాయమయ్యాయి. ఏ మచ్చను ఏమనుకోవాలో వెల్లూరు వైద్యులు రాసిన కొలమానాలు దేశమంతటా వైద్యుల చేతికి వచ్చాయి. అవసరం లేని క్షయ మందులు, తల శస్త్రచికిత్సలు ఎందరికో తప్పాయి.

పంది మాంసం ముట్టని వాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. బద్దెపురుగు ఉన్న మనిషి మలం ద్వారా గుడ్లు మట్టిలోకి, నీళ్లలోకి, పచ్చి కూరగాయల మీదికి చేరతాయి. అక్కణ్నుంచి ఇంకొకరి కడుపులోకి, రక్తంలోకి, మెదడులోకి వెళతాయి. మరుగుదొడ్లు లేని చోట, పందులు ఊళ్లో తిరిగే చోట ఇది ఎక్కువ. జార్ఖండ్ పల్లెల్లోనూ, తెలుగు జిల్లాల్లోనూ ఫిట్స్‌కు ఇది పట్టించుకోవలసిన కారణం. గాలి సోకిందని తాయెత్తు కట్టించే పిల్లవాడి తలలో మందుతో తగ్గే మచ్చ ఉండవచ్చు.

ఉక్కునగరపు ఆస్పత్రిలో మలేరియా పరిశోధన

మలేరియా మెదడుకు ఎక్కితే మనిషి స్పృహ తప్పుతాడు. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసి వందేళ్లు దాటాక కూడా, అది మెదడును ఎలా చంపుతుందో స్పష్టంగా తెలియలేదు. చనిపోయినవాళ్ల మెదడును పరీక్షించడమే తప్ప, బతికున్నవాళ్ల మెదడును చూసే వీలు మలేరియా ఉన్న దేశాల్లో లేకపోవడమే కారణం.

హౌరా–ముంబై రైలు మార్గం మీదే జంషెడ్‌పూర్‌కు పడమరన ఉన్న మరో ఉక్కునగరం రౌర్కెలా. అక్కడి ఇస్పాత్ జనరల్ హాస్పిటల్ వైద్యులు సంజీబ్ మొహంతి తదితరులు మెదడు మలేరియాతో వచ్చిన పెద్దవాళ్లకు సీటీ స్కాన్ తీశారు. 63 శాతం మందిలో మెదడు వాచి ఉంది. వాపు ఉంటే మానిటాల్ ఎక్కించి తగ్గించడం తర్కబద్ధంగా తోస్తుంది. ఆ మందు ఇచ్చినవాళ్లనూ, ఇవ్వనివాళ్లనూ పోల్చి 61 మంది రోగులపై పరీక్ష జరిపారు. ఫలితం 2011లో వచ్చింది. మానిటాల్ వల్ల మేలు లేకపోగా రోగులు స్పృహలోకి రావడానికి ఎక్కువ సమయం పట్టింది. స్కానులో కనిపించిన ప్రతిదానికీ మందు వేయకూడదన్న పాఠం ఒక కంపెనీ ఆస్పత్రిలోంచి ప్రపంచానికి అందింది.

ఆఫ్రికాలోని మలావీలో పిల్లల మీద చేసిన ఎమ్మారై పరిశోధన వేరే సంగతి చెప్పింది. 2015లో ప్రచురించిన ఆ పరిశోధనలో 168 మంది పిల్లలున్నారు. చనిపోయిన 25 మందిలో 21 మందికి మెదడు తీవ్రంగా వాచి ఉంది. బతికినవాళ్లలో 27 శాతానికే అంత వాపు ఉంది. పిల్లల్లో వాపు ప్రాణం తీస్తోంది, పెద్దల్లో వాపుకూ మరణానికీ అలాంటి సంబంధం కనిపించలేదు. ఒకే జబ్బు, ఒకే యంత్రం అయినా వయసును బట్టి చిత్రానికి అర్థం మారింది.

మాంగనీసు వదిలే గుర్తు

ఉక్కు తయారీకి మాంగనీసు తప్పనిసరి. దేశంలో దాని తవ్వకం 1890ల ఆరంభంలో విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. ఖనిజం పొడి చేసే చోట, ఫెర్రో మాంగనీసు కొలిమి దగ్గర, గాలి ఆడని గదుల్లో వెల్డింగ్ చేసే చోట దాని పొగ, ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే మెదడు దెబ్బతింటుంది. 1837లో గ్లాస్గోలో కూపర్ ఖనిజం నూరే కార్మికుల్లో దీన్ని మొదట వర్ణించాడు. ముందు చిరాకు, నిద్రలేమి, కారణం లేని నవ్వు, ఏడుపు కనిపించవచ్చు. ఆ దశలో మానసిక జబ్బని పొరబడే అవకాశం ఉంది. తర్వాత ముఖం బిగుసుకుపోతుంది, నడక మునివేళ్ల మీదికి మారుతుంది. చూడడానికి పార్కిన్సన్స్ లాగే ఉంటుంది.

ఇక్కడ చిత్రాలు రెండు విధాల ఉపయోగపడతాయి. ఒక రకం ఎమ్మారై చిత్రాల్లో మెదడు అడుగున ఉండే గ్లోబస్ పాలిడస్ అనే భాగం మాంగనీసు చేరితే తెల్లగా మెరుస్తుంది. కాలేయం చెడిపోయినవాళ్లలోనూ ఈ మెరుపు కనిపిస్తుంది, ఎందుకంటే ఒంట్లోని మాంగనీసును బయటికి పంపేది కాలేయమే. కార్మికుడు మాంగనీసు ఉన్నచోట పని మానేశాక నెలల్లో మెరుపు తగ్గిపోతుంది కాబట్టి, స్కాను మామూలుగా ఉందని పాత హాని లేదనలేరు. రెండోది పెట్ స్కాన్. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారీని చూపే సంకేతం తగ్గుతుంది, మాంగనీసు జబ్బులో అది సాధారణంగా తగ్గదు. పార్కిన్సన్స్ మందు ఈ రోగులకు పెద్దగా పనిచేయకపోవడానికి కారణం అక్కడ దొరుకుతుంది. ఇంత తెలిశాక కూడా అసలు వైద్యం పొగను బయటికి లాగే గాలి గొట్టాలు, మాస్కులు, గాలిలో మాంగనీసు కొలతలే. మెరుపు కనిపించేదాకా ఆగడం కార్మికుడికి అన్యాయం.

మతిమరుపు, భాషలు

అల్జీమర్స్‌లో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ ముందుగా కుంచించుకుపోతుంది, ఎమ్మారైలో అది కనిపిస్తుంది. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను బతికున్న మనిషిలో పెట్ స్కాన్‌తో చూపిన పరిశోధనను 2004లో పిట్స్‌బర్గ్, ఉప్సలా శాస్త్రవేత్తలు ప్రచురించారు. అమిలాయిడ్ పేరుకున్నా మతి తప్పని వృద్ధులు కూడా ఉన్నారు. అంటే మెదడుకు దెబ్బను తట్టుకునే నిల్వ శక్తి ఏదో ఉండాలి.

ఆ శక్తి గురించి ప్రపంచం మాట్లాడుకున్న పరిశోధన హైదరాబాద్ నిమ్స్‌లో జరిగింది. నాడీ వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌లలో రెండైనా మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున 65.6 ఏళ్లకు మొదలైతే, ఒకే భాష మాట్లాడేవాళ్లకు 61.1 ఏళ్లకే మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా ఉండడం విశేషం. బడి చదువు వల్లే భాషలు వచ్చే పాశ్చాత్య దేశాల్లో చదువునూ భాషనూ విడదీయడం కష్టం. హైదరాబాద్ బజారులో, జంషెడ్‌పూర్ బస్తీలో భాష బడికి వెళ్లకుండానే వస్తుంది. 2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించింది. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం మంది తెలివితేటలు చెక్కుచెదరలేదు. ఒకే భాషవాళ్లలో అది 19.6 శాతం. మిగతా దేశాల్లో అన్ని పరిశోధనలూ ఇదే ఫలితాన్నివ్వలేదు కాబట్టి చర్చ సాగుతూనే ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ వినిపించే జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లు ఆ చర్చను తేల్చగల చోట్లు.

మానసిక వ్యాధుల్లో సగటుకే పరిమితం

1976లో ఇంగ్లండ్‌లో ఈవ్ జాన్‌స్టోన్, టిమ్ క్రో బృందం చాలాకాలంగా స్కిజోఫ్రీనియాతో ఉన్న 17 మందికి సీటీ స్కాన్ తీసింది. మెదడులోని ద్రవపు గదులు ఇతరులకన్నా పెద్దవిగా ఉన్నాయి. జబ్బుకు పెంపకం, ముఖ్యంగా తల్లి ప్రవర్తన కారణమన్న వాదం బలంగా ఉన్న రోజులవి. మెదడులోనే మార్పు ఉందన్న ఆధారం ఎందరో తల్లుల మీది నిందను తొలగించడానికి తోడ్పడింది.

తర్వాత అనేక దేశాల శాస్త్రవేత్తలు స్కాన్లను ఒకచోట చేర్చే ఎనిగ్మా కూటమి 2009లో ఏర్పడింది. 2016 నాటి దాని నివేదికలో 2,028 మంది స్కిజోఫ్రీనియా రోగులనూ, 2,540 మంది ఆరోగ్యవంతులనూ పోల్చారు. రోగుల్లో హిప్పోకాంపస్ సగటున చిన్నది. తేడా నిజమే కానీ, రెండు గుంపుల కొలతలు దాదాపు 80 శాతం మేర ఒకదానిపై ఒకటి పడతాయి. కుంగుబాటులో తేడా అంతకన్నా చాలా తక్కువ. మగవాళ్లు ఆడవాళ్లకన్నా సగటున పొడవన్నది నిజమే, అయినా ఎత్తు ఒక్కటే చెబితే ఆ మనిషి మగో ఆడో తేల్చలేం. ఇక్కడి తేడాలు ఆ ఎత్తు తేడా కన్నా బాగా చిన్నవి. అందువల్ల ఏ స్కానూ ఒక మనిషికి స్కిజోఫ్రీనియా ఉందనో, లేదనో చెప్పలేదు.

మరో చిక్కు మందులది. ఏళ్లపాటు మందులు వాడిన రోగి మెదడులో కనిపించే మార్పు జబ్బు వల్లా, మందు వల్లా? ఈ ప్రశ్నకు జవాబు కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో గణేశన్ వెంకటసుబ్రమణియన్ ఇంకా మందు మొదలుపెట్టని రోగులను పరిశీలించారు. మానసిక వైద్య పరిశోధనకు ఆయనకు 2018లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. కాంకే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్‌లోని కె.ఎస్. మణి సెంటర్‌లో 192 ఎలక్ట్రోడ్ల ఈఈజీతో స్కిజోఫ్రీనియా, మేనియా రోగుల మెదడు తరంగాలను కొలిచారు. ఈఈజీ సెకనులో వెయ్యోవంతు మార్పును కూడా పట్టగలదు, ఎమ్మారైతో పోలిస్తే ఖర్చూ తక్కువ.

వైద్యుడు మానసిక రోగికి స్కాను రాయడానికి ఒక సరైన కారణం ఉంది. మానసిక జబ్బులా కనిపించే ఇతర జబ్బులను పట్టుకోవడం అది. ముసలితనంలో మొదటిసారి మతి చలించినా, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి, ఒకవైపు బలహీనత తోడైనా, తలకు దెబ్బ తగిలిన తర్వాత ప్రవర్తన మారినా స్కాను తీయాలి. కణితి, రక్తపు గడ్డ, నజ్రుల్‌కు వచ్చినలాంటి క్షీణత అప్పుడు దొరుకుతాయి.

ఎవరి మెదడుతో పోల్చాలి

మెదడు చిన్నదైంది, వాచింది అనాలంటే మామూలు మెదడు కొలత తెలియాలి. పరిశోధకులు దశాబ్దాలుగా పోల్చి చూసింది కెనడాలోని మాంట్రియల్ నాడీ వైద్య సంస్థ తయారుచేసిన నమూనాతో. అది పాశ్చాత్యుల మెదడు నుంచి కట్టినది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి, 21–30 ఏళ్ల వయసున్న 100 మంది ఆరోగ్యవంతుల ఎమ్మారైల నుంచి భారతీయ మెదడు నమూనాను 2019లో రూపొందించింది. పాశ్చాత్య, చైనా, కొరియా నమూనాలకన్నా భారతీయ మెదడు సగటున ఎత్తులో, వెడల్పులో, పరిమాణంలో చిన్నదని తేలింది. దీనికీ తెలివితేటలకూ సంబంధం లేదు. కానీ పాశ్చాత్య కొలతను పెట్టుకుని చూస్తే ఆరోగ్యంగా ఉన్న భారతీయుడి మెదడు కుంచించుకుపోయిందని పొరబడే ప్రమాదం ఉంది.

పిల్లల మెదడు ఎదుగుదలను అర్థం చేసుకోవడానికి నిమ్హాన్స్ ఆధ్వర్యంలో సీవేదా అనే పెద్ద అధ్యయనం మొదలైంది. 6 నుంచి 23 ఏళ్ల వయసున్న వేల మందిని దేశంలో ఏడు చోట్ల పరిశీలించారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాటిలో ఒకటి. పేదరికం, కాలుష్యం, మానసిక ఒత్తిడి మెదడు మీద, వ్యసనాల మీద చూపే ప్రభావం అందులో అంశం.

చిత్రాన్ని నమ్మే ముందు

రంగురంగుల మెదడు బొమ్మ నిజానికి ఫొటో కాదు, లెక్కల ఫలితం. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను ఫంక్షనల్ ఎమ్మారైలో పెట్టి, గణాంకాల్లో తగిన జాగ్రత్త తీసుకోకపోతే దాని మెదడు కూడా ‘పనిచేస్తున్నట్టు’ కనిపిస్తుందని చూపారు. 2020లో ఒకే స్కాన్ల సమాచారాన్ని 70 బృందాలకు ఇచ్చి ఒకే ప్రశ్నలు అడిగితే, ఏ రెండు బృందాలూ ఒకే పద్ధతిలో లెక్కించలేదు, కొన్ని ప్రశ్నలకు జవాబులూ కలవలేదు. మెదడుకూ ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని నమ్మకంగా చెప్పాలంటే వేల మంది స్కాన్లు కావాలని 2022లో మరో పరిశోధన తేల్చింది. ఇరవై ముప్ఫై మందితో చేసిన పాత అధ్యయనాలు చాలావరకు తిరిగి పరీక్షకు నిలబడవలసి ఉంది.

రోగులకు ఉపయోగపడే విషయాలు

మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లాలి. లక్షణాలు మొదలైన సమయం గుర్తుపెట్టుకుని చెప్పాలి. మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు స్కాను, ఈఈజీ రెండూ అవసరం కావచ్చు. తల సీటీ స్కాన్‌లో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు రెండు మిల్లీసీవర్టులు. అవసరమైనప్పుడు భయపడనక్కర్లేదు, పదేపదే తీయించుకోవడమే తగదు. గర్భం ఉంటే ముందే చెప్పాలి. ఎమ్మారైకి వెళ్లే ముందు పేస్‌మేకర్, ఎముకల్లో వేసిన రాడ్లు, కంట్లో పడిన ఇనుము గురించి చెప్పాలి. యంత్రం పెద్దగా మోగుతుంది, చెవులకు రక్షణ అడిగి తీసుకోవాలి. పాత స్కాన్ల ఫిల్ములు, సీడీలు దాచుకోవాలి, ఎందుకంటే మార్పు తెలిసేది పాతదానితో పోల్చినప్పుడే.

మానసిక జబ్బులో స్కాను మామూలుగా వచ్చిందంటే రోగి నటిస్తున్నాడని కాదు. స్కిజోఫ్రీనియాతో, కుంగుబాటుతో నరకం అనుభవిస్తున్నవాళ్లలో అత్యధికుల స్కాన్లు మామూలుగానే ఉంటాయి. ఆ జబ్బులను నిర్ధారించేది వైద్యుడు రోగితోనూ, ఇంటివాళ్లతోనూ జరిపే సంభాషణ, ప్రవర్తన పరిశీలన. వైద్యం మొదలుపెట్టడానికి స్కాను అడ్డు కాకూడదు. జబ్బు మొదలైన తొలి నెలల్లో మందు అందితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. ఆ నెలలను స్కానుల కోసం తిరగడంలో పోగొట్టుకోకుండా, దగ్గర్లోని మానసిక వైద్యుణ్ని కలవడమే రోగికి కుటుంబం చేయగల మొదటి మేలు.